పరిశోధన నిక్షేపములు: తెలుగు సిద్ధాంత వ్యాసముల భద్రత, వ్యాప్తి

విశ్వవిద్యాలయ పట్టమునకై సమర్పింపబడిన సిద్ధాంత వ్యాసము, పట్టము లభించిన పిమ్మట ఏమగుననెడి ప్రశ్న మన తెలుగు శాఖలలో అరుదుగా వినవచ్చును. పరిశోధకుడు నాలుగైదు సంవత్సరములు శ్రమించును. తాళపత్రములను, శాసనములను, పాత పత్రికలను గాలించును. పల్లెలు తిరిగి పదములు సేకరించును. పరీక్షకులు చదువుదురు, మౌఖిక పరీక్ష జరుగును. అట్టకట్టిన నాలుగైదు ప్రతులలో ఒకటి గ్రంథాలయమునకు, ఒకటి శాఖకు, ఒకటి పర్యవేక్షకునికి చేరును. అచ్చు వేయించుకొనగలిగినవారు కొందరే. వారి గ్రంథములును కొలది వందల ప్రతులతో ముగియును. ఇరువది యేండ్ల తరువాత అదే విషయమును చేపట్టిన మరియొక విద్యార్థికి ఆ గ్రంథమున్నదన్న సంగతియే తెలియదు, తెలిసినను చేతికందదు. అతడు మొదటినుండి మరల ఆరంభించును. వెనుకటివాని శ్రమయు, ఇప్పటివాని కాలమును వ్యర్థమగును. శాస్త్రము మాత్రము ఉన్నచోటనే యుండును.

ఈ లోపమును తీర్చుటకు గడచిన ముప్పదియైదు సంవత్సరములలో ప్రపంచమంతట ఏర్పడిన సాధనము ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీ. విద్వాంసుల వ్యాసములను, సిద్ధాంత గ్రంథములను కంప్యూటరు ప్రతులుగా స్వీకరించి, పదిలపరచి, మూల్యము లేక, అడ్డు లేక, ఎవరికైనను అంతర్జాలము ద్వారా అందించు భాండారమని దాని భావము. దీనిని మేము ఈ వ్యాసమున పరిశోధన నిక్షేపమని వ్యవహరింతుము. దాని స్వరూపమేమి, అది మన ప్రాంతమున ఏ రూపమున నున్నది, తెలుగు పరిశోధనకు సంబంధించినంతవరకు అందలి కొరత యెట్టిది అను మూడు విషయములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

నిక్షేప శబ్దము

నిక్షేపమను పదమును మేము ఊరక గైకొనలేదు. మన దానశాసనములలో భూమితోపాటు ధారవోయబడు అష్టభోగములలో నిధియు, నిక్షేపమును చేరియున్నవి. ధర్మశాస్త్రముల వ్యవహార భాగమున ఈ పదమునకు మరింత నిర్దిష్టమైన అర్థము గలదు. ఒకడు తన సొత్తును నమ్మకముతో మరియొకని వద్ద ఉంచుట రెండు విధములు. పెట్టెలో పెట్టి, ముద్రవేసి, లోపల నేమున్నదో తెలుపక, లెక్కింపక అప్పగించినది ఉపనిధి. ఎదుట లెక్కించి, ఇది యిట్టిది, ఇంతయని తెలిపి అప్పగించినది నిక్షేపము. ఈ భేదమును విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో నారదుని ప్రమాణముగా జూపి నిరూపించెను. ఆ మితాక్షరయే కేతన విజ్ఞానేశ్వరీయమునకు మూలము.

ఈ భేదము మన ప్రస్తుత విషయమునకు చక్కగా అన్వయించును. గ్రంథమును ఒకచోట చేర్చినంతమాత్రమున అది నిక్షేపము కాదు. లోపలనేమున్నదో లెక్కకు రావలెను; అడిగినవారికి తెరచి చూపగలుగవలెను; తెరచిన పిమ్మట అందలి అక్షరము చదువదగి యుండవలెను. నేడు తెలుగు సిద్ధాంత వ్యాసములు అనేకము అంతర్జాలమునకు ఎక్కినవి. కాని వానిలో పెక్కింటిని నిక్షేపములనుటకు వీలులేదు. అవి ఇంకను ముద్రవేసిన ఉపనిధులే. ఇదియే మేము ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన ప్రధానాంశము.

మన మండలపు పూర్వానుభవము

విజ్ఞానమును చేర్చుట, లెక్కించుట, ప్రతులు తీయుట, తెరచియుంచుట అను నాలుగు పనులును గుంటూరు మండలమునకు క్రొత్తవి కావు. 1797లో అమరావతిని దర్శించిన కాలిన్ మెకంజీ, కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలైనవారి సహాయముతో తెలుగునేల పల్లెల కైఫియత్తులను సేకరింపజేసెను. కరణముల కవిలెలనుండి, దేవాలయ శాసనములనుండి, వృద్ధుల నోటనుండి వ్రాసికొనబడిన ఆ వృత్తాంతములలో కొండవీటి సీమకు చెందినవి అనేకము గలవు. 1821లో మెకంజీ మరణించెను. కుంపిణీ ప్రభుత్వము ఆ సంపుటములను ఆతని భార్యవద్ద కొనెను. అవి యేమిటో, ఎన్నియో లోకమునకు తెలిసినది 1828లో హెచ్. హెచ్. విల్సన్ పట్టిక ప్రకటించిన తరువాతనే. పిమ్మట మదరాసు చేరిన తెలుగు కాగితములు శిథిలమగుచుండగా చార్లెస్ ఫిలిప్ బ్రౌను లేఖకులను నియమించి ప్రతులు వ్రాయించెను. నేడు మనము గ్రామచరిత్రలకు ఆధారముగా గైకొను పెక్కు కైఫియత్తులు ఆ ప్రతులవలననే దక్కినవి. సేకరించినవాడు ఒకడు, పట్టిక వ్రాసినవాడు ఒకడు, ప్రతి తీయించినవాడు ఒకడు. ఈ మూటిలో ఏ యొక్కటి లోపించినను ఆ సామగ్రి మనకు చేరియుండెడిది కాదు.

రెండవ ఉదాహరణము వేటపాలెము. నేతపనికి పేరొందిన ఆ యూర 1918లో యువజనులు స్థాపించిన సారస్వత నికేతనము, పాత తెలుగు పత్రికల సంచికలను వరుస తప్పక భద్రపరచుటవలన పరిశోధకులకు క్షేత్రమైనది. ఒకప్పుడు గుంటూరు మండలమునను, 1970 తరువాత ఒంగోలు కేంద్రముగా ఏర్పడి పిదప ప్రకాశమని పేరొందిన మండలమునను ఉండి, 2022 విభజనతో బాపట్ల జిల్లాలో చేరిన ఆ గ్రామమునకు దూరదేశములనుండి విద్వాంసులు వచ్చి, కొలది దినములుండి, కావలసినది వ్రాసికొని పోయినారు. పాలనా మండలములు మారినను గ్రంథాలయము నిలిచినది. కాని అచ్చటికి పోగలిగినవానికే ఆ సంపద దక్కునన్న పరిమితియు ఉండెను.

మూడవది సంస్థలు అంతరించునపుడు వాని కృషి యేమగునన్న విషయము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున అచ్చయినది. గొర్రు, గుంటక, అరక మొదలుకొని రైతువాడుకలోని పదములను మండలములవారీగా నిరూపించిన ఆ గ్రంథము భాషాశాస్త్రమునకు మూలస్తంభము. దానిని ప్రకటించిన అకాడమీ 1983లో రద్దయినది. 1924లో పుట్టి విద్వద్వ్యాసములకు ఆటపట్టయిన భారతి మాసపత్రిక 1991లో ఆగిపోయినది. కంప్యూటరు యుగమునను ఇదే కథ. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆరంభమై వేలకొలది తెలుగు గ్రంథముల పుటలను చిత్రములుగా తీసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారము 2017 ప్రాంతమున మూతపడినది. అందలి గ్రంథములు నేడును మనకు లభించుచున్నవన్నచో, ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అమెరికా సంస్థయొద్ద వాని ప్రతులు ముందుగనే చేరియుండుటయే కారణము. సంస్థ ఆయువుకంటె గ్రంథపు ఆయువు దీర్ఘము కావలెనన్నచో గ్రంథము ఒక్కచోటనే ఉండరాదు.

నిక్షేపముల పుట్టుక

పత్రికలలో వ్యాసము అచ్చగుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. భౌతికశాస్త్రజ్ఞులు ఈ ఆలస్యమును సహింపలేక అచ్చుకు పూర్వపు ప్రతులను తమలో తాము పంచుకొనెడివారు. 1991లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు పాల్ గిన్స్‌పార్గ్ ఆ ప్రతులను ఒక కంప్యూటరున చేర్చి, ఎవరైనను తెచ్చుకొను ఏర్పాటు చేసెను. ఆర్కైవ్ అని పేరొందిన ఆ నిక్షేపము 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు మారి నేటికిని నడచుచున్నది. 2000లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము ఈప్రింట్స్ అను ఉపకరణమును, 2002లో ఎం.ఐ.టి.యు హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థయు కలిసి డీస్పేస్ అను ఉపకరణమును నిర్మించి ఉచితముగా లోకమునకు విడిచినవి. వానితో ఏ విశ్వవిద్యాలయమైనను స్వంత నిక్షేపము నెలకొల్పుకొను అవకాశము కలిగినది. 2002 ఫిబ్రవరిలో వెలువడిన బుడాపెస్టు ప్రకటన, 2003లో వెలువడిన బెర్లిన్ ప్రకటన ఈ యుద్యమమునకు సిద్ధాంతమును సమకూర్చినవి. చదువుట, ప్రతి తీసికొనుట, వెదకుట, ఇతరులకు పంచుట అను హక్కులు పాఠకునికి నిరాటంకముగా నుండవలెను. రచన తనదియని చెప్పుకొను హక్కు, అది వికృతము కాకుండ కాపాడుకొను హక్కు రచయితకు నిలిచియుండవలెను. ఇదియే ఆ సిద్ధాంత సారము.

ఈ యుద్యమమునకు ఆర్థిక కారణమును గలదు. విశ్వవిద్యాలయ ఆచార్యులు వ్యాసమును వ్రాసి పత్రికకు ఊరక యిత్తురు. దానిని పరిశీలించు పనిని మరికొందరు ఆచార్యులు ఊరకయే చేయుదురు. తుదకు ఆ పత్రికను చదువుటకు అదే విశ్వవిద్యాలయము అధిక మూల్యము చెల్లించి కొనును. ప్రత్తి పండించినవాడు అంగడిలో వస్త్రమునకు వెరచినట్లు, విద్యను సృష్టించు సంస్థలే విద్యను కొనలేని స్థితికి వచ్చినవి. భారత ప్రభుత్వము 2024 నవంబరులో అంగీకరించిన ఏకచందా పథకము, ముప్పది మంది ప్రకాశకుల పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించుటకై మూడు సంవత్సరములకు ఆరువేల కోట్ల రూపాయలు కేటాయించినది. అది పాఠకుని కష్టమును కొంత తీర్చును. కాని చందా ఆగిననాడు ద్వారము మూతపడును. నిక్షేపమునకు ఆ భయము లేదు.

స్వేచ్ఛా ప్రచురణకు రెండు మార్గములు గలవు. పత్రికయే తన వ్యాసములను అందరికిని తెరచియుంచుట స్వర్ణమార్గము. ఇందు కొన్ని పత్రికలు రచయితనుండి రుసుము వసూలు చేయును, కొన్ని చేయవు. ఎచ్చట అచ్చయినను, రచయిత తన అంగీకృత ప్రతిని నిక్షేపమున చేర్చుట హరితమార్గము. తెలుగు శాఖలకు రెండవది సుకరము. రుసుము లేదు, కావలసినది శ్రద్ధ మాత్రమే.

నిక్షేపము పనిచేయు తీరు

నిక్షేపమునకు నాలుగు అంగములు: వస్తువు, వివరణము, చిరునామా, ప్రతి. గుంటూరి మిరప వ్యవహారము తెలిసినవారికి దీనిని బోధించుట సులభము. రైతు తన మిరప టిక్కీలను శీతల గిడ్డంగిలో పెట్టును. గిడ్డంగివారు రకము, సంఖ్య, తేది వ్రాసికొని ఆతనికి బాండు ఇత్తురు. ఆ బాండులోని సంఖ్య లేనిచో వేలకొలది టిక్కీలలో తనవేవో పోల్చుకొనుట అసాధ్యము. సరకు చెడలేదు, పోలేదు, అయినను లేనట్లే. గ్రంథము విషయమునను ఇంతే. ఒక్క భేదము కలదు: మిరపను ఒకడు తీసికొనిన మరియొకనికి ఉండదు; గ్రంథమును వేయిమంది తీసికొనినను తరుగదు.

వివరణమనగా కర్త, శీర్షిక, సంవత్సరము, శాఖ, పర్యవేక్షకుడు, విషయసూచక పదములు, సంగ్రహము మున్నగునవి. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున డబ్లిన్ అను పట్టణమున జరిగిన సమావేశమునుండి పెంపొందిన పదునైదు అంశముల పట్టిక ఇందులకు ప్రపంచమంతట ప్రమాణముగా నున్నది. 2001లో ఏర్పడిన మరియొక నియమావళి ప్రకారము ఒక నిక్షేపములోని వివరణములను మరియొక కంప్యూటరు తానుగా సేకరించుకొనగలదు. కావున ఒకచోట సరిగా వ్రాసిన వివరణము పదిచోట్ల కనబడును. తప్పుగా వ్రాసినదియు పదిచోట్ల తప్పుగనే కనబడును.

చిరునామా శాశ్వతము కావలెను. సాధారణమైన వెబ్ చిరునామా యంత్రము మారిననాడు మారిపోవును. అందువలన నిక్షేపములు ప్రతి గ్రంథమునకు మారని సంఖ్య నొకదాని నిచ్చును. మన దేశపు సిద్ధాంత గ్రంథ నిక్షేపమైన శోధ్‌గంగలోని గ్రంథముల సంఖ్యలు 10603తో ఆరంభమగును. ఉదాహరణములిచ్చునపుడు ఆ సంఖ్యను పేర్కొనుట మేలు. ఇక ప్రతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రూపొందిన లాక్స్ అను విధానము, ప్రతులు అనేకమైనచో భద్రతయు అధికమను సూత్రముపై ఆధారపడినది. అనేక గ్రంథాలయములు ఒకే గ్రంథపు ప్రతులనుంచుకొని, అప్పుడప్పుడు వానిని సరిపోల్చుకొని, చెడినదానిని మంచిదానితో సరిచేసికొనును. పరిష్కర్తలగు మనకిది అపరిచితము కాదు; పాఠాంతరములను పోల్చి మూలమును నిర్ణయించుట మన నిత్యకృత్యమే.

మన దేశము, మన ప్రాంతము

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనల ప్రకారము, పట్టము నిర్ణయమైన పిమ్మట ముప్పది దినములలో సిద్ధాంత గ్రంథపు కంప్యూటరు ప్రతిని అందరికి అందునట్లు సమర్పింపవలసియుండెను. కంప్యూటరు ప్రతిని సమర్పింపవలెనను నియమమును 2016 నాటి నిబంధనలును నిలిపినవి. ఇట్లు చేరిన గ్రంథములను గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము శోధ్‌గంగలో భద్రపరచుచున్నది. పైన జెప్పిన డీస్పేసే దానికిని ఆధారము. నేడందు లక్షల సంఖ్యలో గ్రంథములు గలవు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రముగా గుంటూరున మొదలై 1976లో స్వతంత్రమైన నాగార్జున విశ్వవిద్యాలయపు గ్రంథములును అందు చేరియున్నవి.

వ్యవసాయ శాస్త్రమునకు వేరొక నిక్షేపము గలదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2013లో స్వేచ్ఛా ప్రవేశ విధానమును ప్రకటించినది. దాని పక్షమున కృషికోశ్ అను నిక్షేపము నడచుచున్నది. 1922నుండి గుంటూరు చెంత పనిచేయుచున్న లాం పరిశోధన క్షేత్రము, 1945లో నెలకొన్న బాపట్ల వ్యవసాయ కళాశాల ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినవి. ఆ విశ్వవిద్యాలయ విద్యార్థుల సిద్ధాంత గ్రంథములు కృషికోశ్‌లో లభించును.

ఇది యెంత అవసరమో మన పొలములే చెప్పును. ఆగ్నేయాసియాలో మిరపకు అదివరకే చీడగా తెలిసిన ఒక తామర పురుగు జాతి, 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై కానవచ్చినట్లు పరిశోధకులు ప్రకటించిరి. 2021లో అది గుంటూరు, ప్రకాశం మండలముల మిరప పూతపై పడి, నల్లతామరయని రైతుల నోట నానినది. అట్టి సమయమున శాస్త్రజ్ఞునికి కావలసినది, అన్యదేశములలో, అన్యరాష్ట్రములలో అదివరకు జరిగిన పరిశీలనము ఆ దినముననే చేతికందుట. ఆ వ్యాసము చందా కట్టినవారికే తెరచుకొనునదైనను, ఏదో గ్రంథాలయపు బీరువాలో నున్నదైనను, పూత రాలక ఆగునా? సాహిత్య పరిశోధనలో ఆలస్యమునకు ఇట్టి ప్రత్యక్ష నష్టము కానరాదు. కాని మాండలిక పదము తెలిసిన కడపటి వృద్ధుడు మరణించుట, కవిలెకట్ట చెదలపాలగుట కూడ తిరిగిరాని నష్టములే. వానిని ఎవరైనను ముందే సేకరించిరా యన్నది నేడు తెలిసికొనగలిగినచో, మిగిలిన పల్లెలకు వెంటనే పోవచ్చును.

తెలుగు అక్షరపు చిక్కు

ఇక ప్రధాన సమస్యకు వత్తము. తెలుగు సిద్ధాంత గ్రంథములు శోధ్‌గంగలో లేకపోలేదు. కాని వానిలో ఒక పదమును వెదకి చూచినచో తరచు ఫలితము శూన్యము. దీనికి కారణములు మూడు.

మొదటిది పాత ఫాంటులు. డి.టి.పి. వచ్చిన తొలినాళ్లనుండి తెలుగు పుస్తకములు అను, శ్రీలిపి మొదలైన ఉపకరణములతో కూర్చబడుచున్నవి. పాత పద్ధతి ఫాంటులలో కంటికి తెలుగక్షరము కనబడినను, కంప్యూటరు తనలో దాచుకొనునది రోమను లిపికి కేటాయించిన సంఖ్యనే. ఫాంటు ఉన్నంతవరకు అది తెలుగు. లేనిచో అర్థములేని గుర్తుల వరుస. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణమునందే తెలుగునకు నూట ఇరువదియెనిమిది స్థానముల ఖండము ప్రత్యేకింపబడినది. అందు ప్రతి యక్షరమునకును ప్రపంచమంతట ఒకే సంఖ్య. ఆ సంఖ్య ఫాంటుతో మారదు. అయినను అచ్చుకూటముల అలవాటువలన ఎన్నో సిద్ధాంత గ్రంథములు పాత ఫాంటులలోనే తయారైనవి.

రెండవది పుటల చిత్రములు. టైపు చేసిన గ్రంథమును కాగితముపై అచ్చుతీసి, ఆ కాగితమును స్కానింగు చేసి సమర్పించువారు గలరు. అది ఛాయాచిత్రమే కాని గ్రంథపాఠము కాదు. ముద్రితమైన తెలుగును చిత్రమునుండి గుర్తించు సాధనములు ఇప్పుడున్నవి. అయినను మరుగుపడిన అచ్చులో ఒత్తులయొద్ద, గుడులయొద్ద అవి పొరపడుచుండును. చేతనున్న పాఠమును చిత్రముగా మార్చి, చిత్రమునుండి మరల పాఠమును పిండుట వృథాశ్రమ.

మూడవది వివరణము. శీర్షికలు పెక్కు రోమను లిపిలో నమోదగుచున్నవి. తెలుగు త కారమునకు ఒకరు ఒక రోమను అక్షరము వ్రాయుదురు. మరియొకరు దానికి హ కారము చేర్చుదురు. దీర్ఘమునకు ఒకరు అచ్చును రెండుమార్లు వ్రాయుదురు, మరియొకరు గమనింపరు. తిక్కన పేరే ఇట్లు నాలుగైదు రూపములు దాల్చును. ఒక రూపమున వెదకినవానికి తక్కిన రూపములలోని గ్రంథములు కానరావు. శీర్షికను తెలుగు లిపిలో ఒకమారు, ఆంగ్లానువాదముతో ఒకమారు చేర్చినచో ఈ చిక్కు తీరును.

ఈ మూడింటిని పరీక్షించుటకు సులభోపాయము గలదు. మీ గ్రంథపు కంప్యూటరు ప్రతిని తెరచి, ఏదేని ఒక వాక్యమును ఎంచి ప్రతి తీసి, వేరొకచోట అతికించి చూడుడు. ఆ వాక్యము అట్లే తెలుగున వచ్చినచో అది నిక్షేపము. గుర్తులు, రోమను అక్షరములు వచ్చినను, ఏమియు రాకపోయినను అది ఉపనిధి. యూనికోడున వ్రాసినను, పి.డి.ఎఫ్.గా మార్చునపుడు ఒత్తులు చెదరుట కద్దు, కావున పి.డి.ఎఫ్.తోపాటు మూల ప్రతిని గూడ శాఖలో భద్రపరచుట అవసరము. పాత ఫాంటు పాఠమును యూనికోడునకు మార్చు సాధనములు గలవు. మార్చిన పిమ్మట అచ్చుతప్పుల దిద్దుబాటువలె ఒకమారు సాంతము చదువవలెను.

కొన్ని సందేహములు

గ్రంథమును తెరచియుంచినచో దొంగిలింతురను భయము పెక్కుమందికి గలదు. విచారించినచో సత్యము దీనికి విరుద్ధము. బీరువాలోని గ్రంథమునుండి పుటలకు పుటలు ఎత్తి వ్రాసినను పట్టుకొనువాడు లేడు. నిక్షేపమున చేరిన గ్రంథమునకు తేది గలదు, సంఖ్య గలదు, పాఠమును పోల్చి చూచు యంత్రము గలదు. తన భావన తనదేయని నిరూపించుకొనుటకు అంతకంటె బలమైన సాక్ష్యము వేరొకటి లేదు. అయితే పోల్చు యంత్రమునకు కూడ చదువదగిన అక్షరమే కావలెను. ఉపనిధిలోని గ్రంథమునకు ఆ రక్షణయు లేదు.

ముద్రణావకాశము పోవునని మరికొందరి శంక. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచనపై హక్కు సాధారణముగా కర్తదే. నిక్షేపమున ఉంచినందువలన అది పోదు. ప్రకాశకుడు కోరినచో కొంతకాలము పాఠమును మూసియుంచి, వివరణమును మాత్రము చూపు పద్ధతి నిక్షేపములలో గలదు. పైగా సిద్ధాంత గ్రంథము వేరు, దానిని సంస్కరించి వెలువరించు పుస్తకము వేరు.

పరుల సొత్తు విషయమున మాత్రము జాగరూకత అవసరము. కర్త మరణించిన మరుసటి సంవత్సరము మొదలు అరువది యేండ్లు గడువని రచనలను పూర్తిగా అనుబంధములలో చేర్చరాదు. ఒక కుటుంబమువారు నమ్మి చూపిన కాగితముల ప్రతులను, ఒక వృద్ధురాలు పాడిన పాటల ధ్వనిముద్రలను వారి అనుమతి లేక లోకమునకు తెరచుట న్యాయము కాదు. క్షేత్రకార్యము చేయునపుడే అనుమతిని వ్రాతమూలముగా పొందుట అలవాటు కావలెను. తెరచియుంచుట ధర్మమే, ఎవరి సొత్తును తెరచుచున్నామో తెలిసికొనుటయు ధర్మమే.

చేయదగిన పనులు

విద్యార్థులు పరిశోధనారంభమునుండియే యూనికోడున వ్రాయవలెను. పని ముగిసిన పిమ్మట మార్పించుకొందమనుట, పంట చేతికి వచ్చిన పిమ్మట విత్తనమును ఎంచుకొందమనుట వంటిది. శీర్షికను, సంగ్రహమును, విషయసూచక పదములను తెలుగునను ఆంగ్లమునను తామే సిద్ధపరచి యివ్వవలెను, గుమాస్తాకు విడువరాదు. పర్యవేక్షకులు సంతకము చేయుటకు ముందు, పైన జెప్పిన ఒక్క వాక్యపు పరీక్షను తప్పక చేయవలెను. శాఖలు 2009కి పూర్వపు గ్రంథముల పట్టికను ముందుగా తయారుచేసికొని, కర్తల యనుమతితో వానిని ఒక్కొక్కటిగా చేర్పింపవలెను. పట్టిక తయారగుటకు ధనము అక్కరలేదు; ఇద్దరు విద్యార్థులు ఒక వేసవి సెలవులలో చేయదగిన పని. శాఖల వార్షిక పత్రికలు తమ పాత సంచికలను ఇదే విధమున నిక్షేపమున ఉంచవలెను. ఏలయన వానిలోని వ్యాసములు సిద్ధాంత గ్రంథములకంటెను త్వరగా మరుగునపడును.

మన పూర్వులు ఘంటముతో తాటియాకుపై వ్రాసి, ఆకు శిథిలమగునంతలో మరియొక ప్రతి వ్రాసిరి. వారు చేసినది వాఙ్మయ రక్షణమని వారికి వేరుగా చెప్పనక్కరలేకపోయెను. అది విద్యలో భాగమే. సిద్ధాంత గ్రంథమును లెక్కించి, తెరచి, చదువదగిన అక్షరమున అప్పగించుట కూడ పరిశోధనలో భాగమే. ఆ యప్పగింత జరుగునంతవరకు పరిశోధన ముగిసినట్లు మన శాఖలు పరిగణింపరాదని మా అభిప్రాయము. విజ్ఞులు దీనిని విచారింతురు గాక.